ఇంగ్లిష్‌లో చదువు, జర్మన్‌లో ఉద్యోగం: ఫ్రైబెర్గ్‌లో భూగర్భజలాలు చదివిన అనంతపురం అమ్మాయి కేసు

విదేశాల్లో మాస్టర్స్ చేయాలనుకునే వాళ్ళకు సలహా ఇవ్వడం నా వృత్తి. ఏ యూనివర్సిటీ నుంచీ కమీషన్ తీసుకోను, విద్యార్థి దగ్గరే ఫీజు తీసుకుంటాను. జర్మనీ విషయంలో ఇది ముందే చెప్పాలి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు కన్సల్టెన్సీలకు కమీషన్ ఇవ్వవు, ప్రైవేటువి ఇస్తాయి. అందుకే మన దగ్గర చాలా ఆఫీసుల్లో జర్మనీ అనగానే ప్రైవేటు కాలేజీ బ్రోచరే ముందు టేబుల్ మీదికి వస్తుంది.

ఈ కేసు 2021 సెప్టెంబరులో మొదలైంది. ఇంట్లో వాళ్ళు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. అమ్మాయిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. యూనివర్సిటీ, రూల్స్, డబ్బు లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

మన పిల్లల విదేశీ చదువుల గురించి దొరికే సమాచారంలో ఎక్కువ భాగం కంప్యూటర్ సైన్స్ వాళ్ళది. జియాలజీ, మైనింగ్, నీళ్ళు, లోహాలు, అడవులు, వ్యవసాయం లాంటి ప్రత్యేక డిగ్రీలు చదివేవాళ్ళు కూడా ఆ సీనియర్ల మాటే విని వెళ్తున్నారు. వాళ్ళ ఉద్యోగ మార్కెట్ వేరు. అక్కడ ఎవరు ఉద్యోగం ఇస్తారు, ఏ భాషలో పని జరుగుతుంది, ఏ లైసెన్స్ అడుగుతారు అన్నవన్నీ వేరు. ఈ తేడా వెళ్ళకముందే తెలియాలని నా ఆరాటం.

మొదటి సమావేశం

తండ్రీ కూతుళ్ళు కలిసి వచ్చారు. కళ్యాణదుర్గం వైపు పల్లె. వేరుశనగ పండించే కుటుంబం. అమ్మాయి తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ చేసింది, 74 శాతం మార్కులు. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ఒకసారి రాసింది. ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌లో ఆగిపోయింది. సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డులో హైడ్రోజియాలజిస్ట్ (భూగర్భజలాల నిపుణులు) పోస్టులు ఆ పరీక్ష ద్వారానే నింపుతారు. ఆమె కోరికా అదే, నీళ్ళ మీద పని చేయడం.

"నాకు తెలిసిన ఒకాయన అమెరికాలో డేటా సైన్స్ చేయమంటున్నాడు సార్. పాప చదివిన చదువుకు ఆడ పని దొరకదంట" అన్నాడు తండ్రి.

నేను అమ్మాయిని అడిగాను, జియాలజీ ఎందుకు తీసుకున్నావని. డిగ్రీలో సీటు దొరికింది కాబట్టి అని చెప్తుందనుకున్నాను. ఆమె చెప్పింది వేరు. వాళ్ళ పొలంలో వేసిన బోర్లలో చివరిది 700 అడుగుల దాకా వెళ్ళినా పొడి దుమ్మే వచ్చింది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసే ఆయన చెప్పిన చోటే వేశారు. రెండు పొలాల అవతల వాళ్ళకు 300 అడుగులకే నీళ్ళు పడ్డాయి. గ్రానైట్ నేలలో నీళ్ళు రాతి పగుళ్ళలోనే ఉంటాయని, ఆ పగులు తగలకపోతే ఎంత లోతుకు పోయినా లాభం లేదని డిగ్రీ రెండో ఏడాదిలో చదివినప్పుడు తనకు ఆ బోరు గుర్తొచ్చిందట. తండ్రి ఈ మాటలు వింటూ తల ఊపాడు. డేటా సైన్స్ మాట ఆ తర్వాత నా ఆఫీసులో మళ్ళీ రాలేదు.

ఆమె నాకు ముందుగా పంపిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో (ఎస్ఓపీ, ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో యూనివర్సిటీకి రాసే లేఖ) ఇదేమీ లేదు. "చిన్నప్పటి నుంచీ సైన్స్ అంటే మక్కువ" అని మొదలై, ఆ యూనివర్సిటీ ప్రపంచ ప్రఖ్యాతి గాంచినదని ముగిసింది. మొత్తం తీసేయించాను. బోర్లతో మొదలుపెట్టి, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో తను కొలిచిన బావుల నీటి మట్టాలు, ఫ్లోరైడ్ రీడింగులు రాయించాను. నిజంగా చేసిన పని ఉన్న విద్యార్థికి ఇంతకన్నా మంచి ఎస్ఓపీ ఎవరూ రాసివ్వలేరు.

కోర్సు ఎలా ఎంచుకున్నాం

నా దగ్గరికి వచ్చే ప్రతి ప్రత్యేక డిగ్రీ విద్యార్థికీ యూనివర్సిటీల లిస్టు కన్నా ముందు ఒక పని ఇస్తాను. ఆ దేశంలో తమ రంగంలో ఇప్పుడు నడుస్తున్న ఉద్యోగ ప్రకటనలు ఇరవై తెచ్చుకోమంటాను. జర్మనీ అయితే స్టెప్‌స్టోన్‌లో ప్రైవేటువి, ఇంటరామ్ట్‌లో ప్రభుత్వానివి దొరుకుతాయి. భాష రాకపోయినా ఫర్వాలేదు, బ్రౌజర్ అనువాదం సరిపోతుంది. ప్రతి ప్రకటనలో మూడు విషయాలు రాసుకోవాలి: ఉద్యోగం ఇచ్చేది ఎవరు, ఏ భాష ఏ స్థాయిలో అడిగారు, డిగ్రీ కాకుండా ఇంకేం అడిగారు.

ఆమె వారంలో ఆ పేజీలు తెచ్చింది. హైడ్రోజియాలజిస్ట్ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం చిన్న, మధ్యతరహా ఇంజినీరింగ్ ఆఫీసులవి. మిగతావి రాష్ట్ర పర్యావరణ శాఖలు, నీటి సరఫరా సంస్థలు, మూసేసిన గనులను బాగుచేసే సంస్థలవి. దాదాపు అన్నిటిలో జర్మన్ అడిగారు. బి2 అన్నవి కొన్ని, సి1 అన్నవి ఎక్కువ. భాష స్థాయిలు ఏ1తో మొదలై ఏ2, బి1, బి2, సి1, సి2 దాకా పెరుగుతాయి. ఇంకొకటి చాలా చోట్ల కనిపించింది, కారు డ్రైవింగ్ లైసెన్స్. బావుల దగ్గరికి బస్సులు పోవు కదా.

"అయితే ఇంగ్లిష్ కోర్సు చదివి లాభమేంటి సార్?" అని అడిగింది.

మంచి ప్రశ్న. కోర్సు ఇంగ్లిష్‌లో ఉంటే అడ్మిషన్ వస్తుంది, చదువు నడుస్తుంది, రెండున్నరేళ్ళ సమయం చేతికొస్తుంది. ఆ సమయంలోనే జర్మన్ నేర్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు బెర్లిన్‌లో ఇంగ్లిష్‌తో నడిచిపోవచ్చు. నేల, నీరు, గాలి, కట్టడం, చట్టం, వీటితో ముడిపడిన పని అయితే రిపోర్టు స్థానిక అధికారి టేబుల్ మీదికి పోవాలి, ఆయన చదివేది ఆయన భాషలోనే. ఈ మాట ఆ రోజు తండ్రి ముందే చెప్పాను. డిగ్రీ ఖర్చుతో పాటు జర్మన్ బి2 ఖర్చు, లైసెన్స్ ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకున్నాం.

తర్వాత కోర్సులు. డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీలో హైడ్రో సైన్స్ అండ్ ఇంజినీరింగ్, డార్మ్‌స్టాట్‌లో ట్రాపికల్ హైడ్రోజియాలజీ, ఫ్రైబెర్గ్‌లో గ్రౌండ్‌వాటర్ మేనేజ్‌మెంట్, ఈ మూడూ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. ట్యూబింగెన్ కూడా చూశాం కానీ అది బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఉంది. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్ళ దగ్గర 2017 నుంచి ఆ రాష్ట్రం సెమిస్టర్‌కు 1,500 యూరోల ట్యూషన్ ఫీజు తీసుకుంటోంది. మిగతా మూడు చోట్ల అప్పటికి సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ (విద్యార్థి సేవల కోసం ప్రతి సెమిస్టర్ కట్టే చిన్న మొత్తం) తప్ప ట్యూషన్ ఫీజు లేదు.

మార్కుల లెక్క కూడా వేశాం. జర్మన్ యూనివర్సిటీలు మన శాతాన్ని తమ స్కేలులోకి మార్చుకుంటాయి. అక్కడ 1 అంటే అత్యుత్తమం, 4 అంటే పాస్. గరిష్ఠ మార్కుల్లోంచి మనకొచ్చినవి తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. 74 శాతానికి, పాస్ 40 అయితే, 26ను 60తో భాగించి 3తో గుణిస్తే 1.3, ఒకటి కలిపితే 2.3. ప్రత్యేక కోర్సులకు ఇది మంచి గ్రేడే. అదే 74 శాతంతో మ్యూనిక్‌లో కంప్యూటర్ సైన్స్‌కు అప్లై చేస్తే పరిస్థితి వేరు. తక్కువ మంది అడిగే రంగంలో ఉండటం వల్ల కలిగే లాభాల్లో ఇదొకటి.

డ్రెస్డెన్ నుంచి ఏ జవాబూ రాకముందే ఫ్రైబెర్గ్ సీటు వచ్చింది. ఒక హెచ్చరిక: ఫ్రైబెర్గ్, ఫ్రైబుర్గ్ రెండు వేర్వేరు ఊళ్ళు. ఫ్రైబుర్గ్ నైరుతి మూలన ఉన్న పెద్ద యూనివర్సిటీ పట్టణం. ఫ్రైబెర్గ్ తూర్పున సాక్సనీలో, డ్రెస్డెన్‌కూ కెమ్నిట్స్‌కూ మధ్య ఉన్న చిన్న ఊరు. బ్యాంకు వాళ్ళు లోన్ పేపర్లలో తప్పు ఊరి పేరు రాశారు, మళ్ళీ టైపు చేయించాల్సి వచ్చింది.

బంధువులు ఎవరూ ఆ యూనివర్సిటీ పేరు వినలేదు. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకం క్యూఎస్ అనే ప్రపంచ యూనివర్సిటీ ర్యాంకుల్లో మొదటి 200 యూనివర్సిటీలకు పరిమితం, అందులో ఫ్రైబెర్గ్ లేదు. దాంతో తండ్రికి అనుమానం మొదలైంది. ఆయనకు నేను చెప్పినవి ఇవి: ఆ యూనివర్సిటీ 1765లో పెట్టింది, మైనింగ్ విద్యలో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో ప్రపంచంలోకెల్లా పాతది. అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ చదివింది అక్కడే. ఇండియం 1863లో, జర్మేనియం 1886లో కనిపెట్టింది ఆ ఊళ్ళోనే. విద్యార్థులకు నేర్పడానికి దాని దగ్గర సొంత గని ఉంది, పేరు రైషె త్సెషె. ర్యాంకుల పట్టికలు అన్ని సబ్జెక్టులూ కలిపి పెద్ద యూనివర్సిటీలను కొలుస్తాయి. ఒకే రంగంలో లోతుగా పని చేసే చిన్న యూనివర్సిటీ వాటిలో సాధారణంగా కిందే ఉంటుంది.

డబ్బు

2022లో విద్యార్థి వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చుల డబ్బు ముందే వేసి, నెలకు ఇంత అని మాత్రమే తీసుకునే ఖాతా) 10,332 యూరోలు వేయాలి, అంటే నెలకు 861. అప్పటి రేటు ప్రకారం ఎనిమిది లక్షల పైమాట. ఈ మొత్తం తర్వాత పెరుగుతూ వచ్చింది. 2023లో 11,208, 2024 సెప్టెంబరు నుంచి 11,904.

విమానం, ఇన్సూరెన్స్, మొదటి నెలల ఖర్చు, భాషా క్లాసులు కలిపి 12 లక్షల లోన్ అవసరమైంది. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు తాకట్టు అడుగుతాయి, వ్యవసాయ భూమిని సాధారణంగా ఒప్పుకోవు. పల్లె కుటుంబాలు చాలా వరకు ఇక్కడే ఆగిపోతాయి. ఈ అమ్మాయికి అనంతపురంలో ఉన్న మేనమామ తన ఇల్లు తాకట్టు పెట్టాడు. ఆ ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయన్న ఆలోచన తర్వాత ఆమె తీసుకున్న ప్రతి నిర్ణయం మీదా పనిచేసింది.

ఇప్పుడు వెళ్ళేవాళ్ళకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీ పత్రాలను జర్మనీ తరఫున తనిఖీ చేసి ఇచ్చేది) కూడా కావాలి. 2022 నవంబరు 1 నుంచి భారతీయ విద్యార్థుల వీసాకు అది తప్పనిసరి చేశారు. ఈమె అక్టోబరులోనే వెళ్ళిపోయింది కాబట్టి ఆ పని పడలేదు.

మొదటి ఏడాది

హాస్టల్ గది 300 యూరోల లోపే దొరికింది. మ్యూనిక్‌లో ఆ డబ్బుకు అలాంటి గది దొరకడం కష్టం. చిన్న ఊరు ఎంచుకోమని నేను పట్టుబట్టడానికి సగం కారణం ఇదే. హెల్త్ ఇన్సూరెన్స్ నెలకు 120 యూరోల దాకా. బియ్యం, పప్పు, కూరగాయలు తనే వండుకుంటే 861లో నెల గడిచేది.

చదువు మాత్రం ఆమె అనుకున్నట్టు లేదు. రాళ్ళు గుర్తుపట్టడం, మ్యాపులు చదవడం, ఫీల్డ్ వర్క్‌లో తరగతిలో ముందుండేది. భూగర్భంలో నీటి ప్రవాహాన్ని సమీకరణాలతో లెక్కగట్టే పేపరు దగ్గర చిక్కుకుంది. మన జియాలజీ డిగ్రీల్లో చాలామందికి లెక్కలు ఇంటర్‌తోనే ఆగిపోతాయి, బైపీసీ నుంచి వచ్చినవాళ్ళకు అదీ లేదు. అక్కడ మొదటి సెమిస్టర్‌లోనే మాడ్‌ఫ్లో (భూగర్భజల ప్రవాహాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్), పైథాన్ కోడింగ్ వచ్చిపడ్డాయి. ఆ పేపరు ఫెయిలైంది.

అర్ధరాత్రి నాకు మెసేజ్ పెట్టింది: "ఇంటికి వచ్చేస్తాను సార్, మామయ్య ఇల్లు పోతుంది."

ఫెయిలవడం కన్నా, ఫెయిలైతే ఏమవుతుందో తెలియకపోవడం వల్ల ఆ టెన్షన్. జర్మన్ యూనివర్సిటీల్లో ఒక పరీక్షకు సాధారణంగా మూడు అవకాశాలు. మూడోసారీ తప్పితేనే ఆ కోర్సు నుంచి బయటికి పంపుతారు. మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు పోవడం అక్కడి జర్మన్ పిల్లలకూ జరిగేదే. తనకు అర్థం కాని చోట్లు కాగితం మీద రాసుకుని, ఆ సబ్జెక్టు ట్యూటర్ దగ్గరికి పొమ్మన్నాను. మన పిల్లలు ప్రొఫెసర్ గదికి పోవడానికి జంకుతారు, ఏమనుకుంటారోనని. ఆమె వారానికోసారి వెళ్ళింది. రెండోసారి 2.7తో పాసైంది. లెక్కల్లో వెనకబడినవాళ్ళు బయల్దేరే ముందు మూడు నెలలు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, కాస్త పైథాన్ చూసుకుని పోవాలని ఈ కేసు తర్వాత జియాలజీ విద్యార్థులందరికీ చెప్తున్నాను.

గోడౌన్ పనా, ల్యాబ్ పనా

ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు 2023 ఎండాకాలంలో వచ్చింది.

తోటి తెలుగు విద్యార్థులు లైప్‌జిగ్‌లో పార్సిల్ గోడౌన్ పనికి పోతున్నారు. వారానికి 20 గంటలు చేస్తే నెలకు వెయ్యి యూరోలు. అదే సమయంలో డిపార్ట్‌మెంట్ నీటి ల్యాబ్‌లో స్టూడెంట్ అసిస్టెంట్ పోస్టు పడింది. అది నెలకు 520 యూరోల మినీజాబ్, అంటే తక్కువ గంటల చిన్న ఉద్యోగం. ఇంట్లో లోన్ వడ్డీ కడుతున్నారు. తండ్రి ఏమీ అడగలేదు కానీ, ఆ ఏడాది వేరుశనగ పోయిందని తల్లి ఫోన్‌లో చెప్పింది.

గోడౌన్‌కే పోతానంది. నేను వద్దన్నాను, కారణాలు లెక్కలతో చెప్పాను. అప్పటి రూలు ప్రకారం విదేశీ విద్యార్థి ఏడాదికి 120 పూర్తి రోజులు లేదా 240 సగం రోజులే పని చేయాలి. 2024 మార్చి నుంచి ఇది 140, 280 అయింది. యూనివర్సిటీలో చేసే స్టూడెంట్ అసిస్టెంట్ పని ఈ లెక్కలోకి రాదు. అంటే ల్యాబ్ పని చేస్తూనే, సెలవుల్లో వేరే పనికి ఆ రోజులు మిగుల్చుకోవచ్చు. రెండోది, ఫ్రైబెర్గ్ నుంచి లైప్‌జిగ్ రైల్లో పోయి రావడానికి పట్టే సమయంలో సాయంత్రం జర్మన్ క్లాసు పోతుంది. మూడోది, ఆమె తెచ్చిన ఇరవై ప్రకటనల్లో ఒక్కదానిలోనూ గోడౌన్ అనుభవం అడగలేదు.

గోడౌన్ పనిని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. దానితో ఇల్లు నడుపుకునేవాళ్ళు ఉన్నారు, అది గౌరవమైన పని. కానీ 12 లక్షల అప్పు తీరేది నెలకు అదనంగా వచ్చే 500 యూరోలతో కాదు, రెండేళ్ళ తర్వాత సొంత రంగంలో దొరికే ఉద్యోగంతో. తండ్రికి కూడా ఫోన్ చేసి ఇదే చెప్పాను. "సరే సార్, రెండు పంటలు చూసుకుంటాం" అన్నాడాయన. నా వృత్తిలో నేను విన్న బరువైన మాటల్లో అదొకటి.

ఆమె ల్యాబ్‌లో చేరింది. సెలవుల్లో ఒక నెల గోడౌన్‌కూ వెళ్ళింది, ఆ డబ్బు బి1 పరీక్ష ఫీజుకూ, శీతాకాలం కోటుకూ పోయింది.

లౌసిట్స్ బావుల దగ్గర

ల్యాబ్ పని వల్ల ఆమెకు ఫీల్డ్ దొరికింది. ఫ్రైబెర్గ్‌కు ఈశాన్యంగా, సాక్సనీ, బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రాల సరిహద్దులో లౌసిట్స్ ప్రాంతం ఉంది. అక్కడ తరతరాలుగా లిగ్నైట్ బొగ్గును ఓపెన్‌కాస్ట్ పద్ధతిలో తవ్వారు. ఆలస్యమైనా 2038 కల్లా బొగ్గు కరెంటు ఆపేయాలని జర్మనీ 2020లో చట్టం చేసింది. మూసిన గోతుల్లో చాలావాటిని చెరువులుగా మారుస్తున్నారు. కాట్‌బుస్ నగరం పక్కన ఒక పాత గనిని 2019 నుంచి నీటితో నింపారు, దాని విస్తీర్ణం దాదాపు 1,900 హెక్టార్లు.

సమస్య నీళ్ళతోనే. బొగ్గు తీయాలంటే ముందు భూగర్భజలం తోడేయాలి. నీటి మట్టం దిగిపోగానే మట్టిలోని పైరైట్‌కు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి తగిలి ఇనుము, సల్ఫేట్ విడుదలవుతాయి. పంపులు ఆపాక నీరు మళ్ళీ పైకొస్తూ వాటిని మోసుకొచ్చి ష్ప్రే నదిలో కలుపుతుంది. కొన్ని వాగులు తుప్పు రంగులో పారుతుంటాయి. ఆ నది పోయేది బెర్లిన్‌కే. కాబట్టి ఈ నీటిని కొలిచేవాళ్ళు, లెక్కగట్టేవాళ్ళు గనులు మూసేశాక కూడా దశాబ్దాల పాటు కావాలి. రామగుండం, మణుగూరు ఓపెన్‌కాస్టులు మూతపడే రోజున మనకూ ఈ నైపుణ్యం కావాలి.

ఒక బావి దగ్గర శాంపిల్ ఎలా తీస్తారో ఆమె నాకు వీడియో కాల్‌లో చూపించింది. ముందు కేబుల్ దించి నీటి మట్టం కొలుస్తారు, నీరు తగలగానే లైటు వెలుగుతుంది. తర్వాత పంపు వేసి, పీహెచ్, కండక్టివిటీ (నీటిలో కరెంటు ఎంత బాగా పారుతుందో), ఉష్ణోగ్రత, ఆక్సిజన్ రీడింగులు నిలకడగా వచ్చేదాకా నీరు వదులుతారు. పైపులో నిలవ ఉన్న నీరు పోయి, నేలలోని నీరు వచ్చినట్టు గుర్తు అదే. ఆ తర్వాతే సీసాలు నింపుతారు. లోహాలు కొలిచే సీసాలో నీటిని ఫిల్టర్ చేసి, కాస్త యాసిడ్ కలుపుతారు, లేకపోతే ఇనుము అడుక్కి పేరుకుపోతుంది. ఇదంతా ప్రతి బావికీ ఒక ఫారం మీద రాయాలి. నీటి రంగు, వాసన, ఆ రోజు వాతావరణం, పంపు ఎంత లోతులో ఉంది, అన్నీ జర్మన్‌లోనే.

మొదటిసారి ఆ ఫారం నింపినప్పుడు వాసన గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేసిందట. పక్కనున్న డ్రిల్లర్ సాక్సన్ యాసలో గబగబా ఏదో చెప్పాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. క్లాసులో నేర్చుకున్న జర్మన్ ఒకటి, బావి దగ్గర వినబడేది ఇంకొకటి. అప్పటి నుంచి పాత ఫారాలు ఇంటికి తెచ్చుకుని, అందులోని వాక్యాలు నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది. కుళ్ళిన గుడ్డు వాసన, కాస్త మసకగా, పసుపు-గోధుమ రంగు, ఇలాంటివి. ఏ భాషా పరీక్షలోనూ ఇవి రావు. ఉద్యోగ ఇంటర్వ్యూలో ఆమెను నిలబెట్టింది మాత్రం ఇవే.

థీసిస్ కూడా అదే ప్రాంతం మీద, ఒక ఇంజినీరింగ్ ఆఫీసుతో కలిసి చేసింది. తవ్విపోసిన మట్టిలోంచి సల్ఫేట్ ఎంత కాలం వస్తుందో ఫ్రీక్ (PHREEQC) అనే నీటి రసాయన ప్రోగ్రామ్‌తో అంచనా వేయడం ఆమె పని. జర్మనీలో థీసిస్‌ను కంపెనీతో కలిసి చేయడం చాలా మామూలు. మన పిల్లలు అడగరు కాబట్టి దొరకదు.

ఉద్యోగ వేట

2025 ఏప్రిల్‌లో డిగ్రీ వచ్చింది. ఐదు సెమిస్టర్లు పట్టింది, నాలుగు కావాల్సింది. జర్మనీలో చదివినవాళ్ళకు డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు, ఆ కాలంలో ఏ పనైనా చేయొచ్చు.

అప్పటికి జర్మన్ బి1 దాటి బి2 చదువుతోంది. థీసిస్ చేసిన ఆఫీసులో ఖాళీ లేదు. మొదటి నెలల్లో ఇంగ్లిష్‌లోనే అప్లికేషన్లు పంపింది, పెద్ద కంపెనీలకు. జవాబులు రాలేదు, వచ్చినవి రిజెక్ట్ మెయిళ్ళు. జూన్‌లో కూర్చుని పద్ధతి మార్చాం. రెజ్యూమె, కవర్ లెటర్ జర్మన్‌లో రాసింది, యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌లో దిద్దించుకుంది. ల్యాబ్ యజమాని దగ్గర పని సర్టిఫికెట్ తీసుకుంది. అక్కడ ఉద్యోగి వెళ్ళేటప్పుడు పని గురించి వివరంగా రాసిచ్చే పత్రం ఇది, దీన్ని నిజంగానే చదువుతారు. పెద్ద కంపెనీలను వదిలి, ఇరవై నుంచి యాభై మంది ఉండే ఆఫీసులకు పంపడం మొదలుపెట్టింది.

అదే నెలలో డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది. భారతీయ లైసెన్స్ అక్కడ నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది. తర్వాత రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష పాసవ్వాలి. మన లైసెన్స్ ఉన్నవాళ్ళకు స్కూల్ క్లాసులన్నీ తప్పనిసరి కావు, రాతపరీక్ష ఇంగ్లిష్‌లో రాయొచ్చు. దీనివల్ల ఖర్చు బాగా తగ్గుతుంది. అందుకే ఇక్కడి నుంచి బయల్దేరేముందే కారు లైసెన్స్ తీసుకోమని ఆమెకు 2022లోనే చెప్పాను. ఇంట్లో ట్రాక్టర్ నడిపిన అనుభవం ఉంది కాబట్టి కష్టపడలేదు.

ఆగస్టులో సాక్సనీలోనే ఒక చిన్న ఆఫీసు పిలిచింది. ఇంటర్వ్యూ గంటన్నర, మొత్తం జర్మన్‌లో. ఒక పాత శాంపిల్ ఫారం ముందు పెట్టి, ఇందులో ఏం తేడా కనిపిస్తోందని అడిగారు. కండక్టివిటీ నిలకడకు రాకముందే సీసా నింపినట్టు రీడింగులు చూపిస్తున్నాయని చెప్పింది. వ్యాకరణం తప్పులు పోయినా, ఆ జవాబు సరిపోయింది.

ఆఫర్ చేతికొచ్చాక

జీతం ఏడాదికి 42,000 యూరోలు. ఆమె సంతోషం ఒక్క రోజే నిలిచింది. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారట, బ్లూ కార్డ్ (నిర్ణీత కనీస జీతం ఉన్న విదేశీ నిపుణులకు ఇచ్చే పర్మిట్) రాదు కాబట్టి ఈ ఆఫర్ దండగ అని.

2025లో బ్లూ కార్డ్‌కు కనీస జీతం 48,300 యూరోలు. కొరత ఉన్న వృత్తులకు, డిగ్రీ అయ్యి మూడేళ్ళు దాటనివాళ్ళకు 43,759.80. ఈమెకు వర్తించేది రెండోది, ఇంకా 1,760 యూరోలు తక్కువ. ఆ మాత్రం పెంచమని మర్యాదగా అడగమన్నాను. ఆరు నెలల ప్రొబేషన్ అయ్యాక చూస్తామన్నారు.

నేను తీసుకోమనే చెప్పాను. బ్లూ కార్డ్ ఒక్కటే దారి కాదు. జర్మన్ నివాస చట్టంలో 18బి సెక్షన్ కింద డిగ్రీ ఉన్న నిపుణులకు మామూలు పర్మిట్ ఇస్తారు. 45 ఏళ్ళ లోపు వాళ్ళకు దానిలో నిర్ణీత కనీస జీతం లేదు, ఆ ప్రాంతంలో ఆ పనికి ఇచ్చే జీతంతో సమానంగా ఉంటే చాలు. శాశ్వత నివాసం సంగతి చూస్తే, బ్లూ కార్డ్ ఉండి బి1 జర్మన్ వస్తే 21 నెలలకు అర్హత. జర్మనీలోనే డిగ్రీ చేసి 18బి మీద ఉంటే 24 నెలలు. తేడా మూడు నెలలు. ఈ మూడు నెలల కోసం సొంత రంగంలో మొదటి ఉద్యోగం వదులుకోవడం ఏ లెక్కన చూసినా సరికాదు. గ్రూపుల్లో ఈ లెక్క ఎవరూ చెప్పరు, బ్లూ కార్డ్ ఉందా లేదా అనే అడుగుతారు.

నెలకు చేతికొచ్చేది సుమారు 2,300 యూరోలు. అద్దె, ఖర్చులు పోను ఇంటికి పంపడానికి మిగులుతోంది. యూరో వంద రూపాయలకు చేరడం లోన్ కట్టేవాళ్ళకు కలిసొచ్చింది, ఇప్పుడు వెళ్ళేవాళ్ళకు మాత్రం అదే భారం.

ఇది ఎవరికి వర్తిస్తుంది

ఈ కేసు చూసి అందరూ ఫ్రైబెర్గ్ పోవాలని నేను చెప్పను. ఈమెకు కలిసొచ్చినవి కొన్ని ఉన్నాయి. తాకట్టుకు మేనమామ ఇల్లు దొరికింది, రెండేళ్ళు ఆగగలిగిన తల్లిదండ్రులు ఉన్నారు, నిజంగా ఇష్టపడ్డ సబ్జెక్టు ఉంది. నెలనెలా ఇంటికి డబ్బు పంపక తప్పని విద్యార్థికి ల్యాబ్ జాబ్ చేయమని నేను సలహా ఇవ్వలేను, అలాంటి వాళ్ళకు ఇక్కడే ఒకట్రెండేళ్ళు ఉద్యోగం చేసి వెళ్ళమంటాను. చిప్ డిజైన్, ఎంబెడెడ్, డేటా రంగాల వాళ్ళకు భాష ఇంత అడ్డు కాదు.

జియాలజీ, సివిల్, ఎన్విరాన్‌మెంటల్, మైనింగ్, అగ్రికల్చర్ వాళ్ళకు మాత్రం ఇరవై ప్రకటనల పని తప్పనిసరి. అది చేశాక కూడా వెళ్ళాలనిపిస్తే, ఏ1 ఇక్కడే పూర్తి చేసి, కారు లైసెన్స్ తీసుకుని, మొదటి సెమిస్టర్ నుంచే వారానికి రెండు సాయంత్రాలు భాషకు కేటాయించాలి. చివరి సెమిస్టర్‌లో మొదలుపెట్టిన జర్మన్ ఉద్యోగ వేటకు అందదు. ఒకే బ్యాచ్‌లో చదివిన ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి నేను చూసిన కేసుల్లో మార్కుల కన్నా ఇదే పెద్ద కారణం.

ప్రస్తుతం

2025 అక్టోబరులో ఉద్యోగంలో చేరింది. ఫారినర్స్ ఆఫీసులో పర్మిట్ కార్డు రావడం ఆలస్యమైంది, మధ్యకాలానికి తాత్కాలిక పత్రం ఇచ్చారు. అది చేతిలో ఉంటే పనికి అడ్డు లేదు కానీ, ప్రయాణాలకు ముందు దాని మీద ఏం రాసి ఉందో చదువుకోవాలి. బి2 పాసైంది, సి1 క్లాసుకు ఆఫీసే సగం ఖర్చు భరిస్తోంది. జీతం స్లిప్పులు, పెన్షన్ కట్టిన రికార్డులు నెలవారీగా దాచుకోమన్నాను, శాశ్వత నివాసానికి అప్లై చేసేటప్పుడు 24 నెలలవి అడుగుతారు.

పోయిన నెల తండ్రి ఫోన్ చేశాడు. పొలంలో ఇంకో బోరు వేద్దామనుకుంటున్నారట. కూతురు వద్దని, ముందు ఎలక్ట్రికల్ రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి నీళ్ళున్న పగుళ్ళను అంచనా వేసే పరీక్ష) చేయించమని, చుట్టుపక్కల బోర్ల లోతులన్నీ రాసి పంపమని చెప్పిందట. ఊళ్ళోని 14 బోర్ల వివరాలు ఆయన నోట్‌బుక్‌లో రాశాడు. ఆ పేజీ ఫొటో నాకూ పంపాడు.